‘వాని కర్మ’ అనే మాట: బౌద్ధ నీతిచింతనలో ఒక పరిశీలన

తెలుగులో కర్మ శబ్దం మోస్తున్న అర్థాలు చాలా ఉన్నాయి. వ్యాకరణంలో అది క్రియాఫలానికి ఆశ్రయం. అపరసంస్కారాల విషయంలో అది కొడుకు చేయవలసిన విధి. వేదాంత గ్రంథాల్లో సంచితం, ప్రారబ్ధం, ఆగామి అని మూడు విధాలుగా విభజన పొందుతుంది. ఇంటా బయటా నిత్యం వినిపించేది మాత్రం వీటిలో ఏదీ కాదు. ‘నా ఖర్మ’, ‘వాడి ఖర్మ’, ‘ఖర్మ కాలి’ అనే పలుకుబళ్లలో ఆద్యక్షరం మహాప్రాణమై, పని అనే మూలార్థం దాదాపు మాసిపోయింది. అక్కడ కర్మ అంటే చేసేది కాదు, మీద పడేది. తలరాత, నొసటి వ్రాత, ప్రాప్తం అనే మాటల వరుసలో చేరిపోయిన మాట అది. వ్యాకరణ పరిభాషను కొంచెం స్వేచ్ఛగా వాడుకుంటే, కర్తగా ఉండవలసిన మనిషి ఈ వాడుకలో తానే కర్మకారకంగా మారిపోయాడు.

ఈ అర్థపరిణామాన్ని భాషాశాస్త్ర విషయంగా వివరించి వదిలివేయవచ్చు. అయితే దీనిలో ఒక నైతిక ప్రశ్న కూడా ఉంది. ‘నా ఖర్మ’ అని ఒకరు తమ గురించి అనుకోవడం వేరు, మరొకరి బాధను చూసి ‘వాని కర్మ’ అనడం వేరు. మొదటిది నిట్టూర్పు. కొన్నిసార్లు అది దుఃఖాన్ని ఓర్చుకోవడానికి ఉపకరిస్తుంది. రెండవది తీర్పు. చూసేవాడికి అది రెండు సౌకర్యాలు కల్పిస్తుంది: ఎదుటివాడి బాధకు కారణం దొరికిందన్న తృప్తి, ఆ బాధతో తనకు సంబంధం లేదన్న నిశ్చింత. కర్మను తన నీతివ్యవస్థకు మూలస్తంభం చేసుకున్న బౌద్ధం ఈ రెండవ వాడుకను ఆమోదిస్తుందా అన్నది ఈ వ్యాసం పరిశీలించే విషయం. స్మృతి, అనిత్యత అనే మరి రెండు భావనలు కూడా ఈ ప్రశ్నతో ముడిపడి ఉన్నాయి కనుక చివర వాటినీ స్పృశిస్తాను.

బౌద్ధ నికాయాల్లో కర్మకు ఇచ్చిన ప్రసిద్ధ నిర్వచనం చేతన, అంటే సంకల్పం. అంగుత్తర నికాయంలోని ఈ నిర్వచనం కర్మను శరీరవ్యాపారం నుంచీ యజ్ఞక్రియ నుంచీ వేరుచేసి మనసులోని ఉద్దేశంలో నిలిపింది. మనిషి సంకల్పించి దేహంతో, వాక్కుతో, మనసుతో చేసేదే కర్మ. దాని ఫలానికి విపాకమని వేరే పేరు ఉంది. తెలుగు వాడుకలోని ఖర్మ నిజానికి ఈ విపాకానికి దగ్గరగా ఉంటుంది. చేసిన పనికీ వచ్చిన ఫలానికీ ఒకే పేరు పెట్టడంతో, చేయడం అనే అంశం మాటలోంచే జారిపోయిందని చెప్పవచ్చు.

అనుభవించే ప్రతి సుఖదుఃఖమూ పూర్వకర్మ ఫలమేనా? ఈ ప్రశ్నకు నికాయాలు నేరుగా సమాధానమిచ్చాయి. అంగుత్తర నికాయంలోని తిత్థ సుత్తం, మనిషిని నిష్క్రియుణ్ణి చేసే మూడు సిద్ధాంతాలను పేర్కొంది. సర్వం పూర్వకృతమే అనేది మొదటిది. సర్వం ఈశ్వర నిర్మితమే అనేది రెండవది. దేనికీ ఏ హేతువూ లేదనేది మూడవది. పూర్వకర్మ వాదాన్ని ఈశ్వరవాదంతోనూ అహేతువాదంతోనూ ఒకే బంతిలో కూర్చోబెట్టడం గమనించదగ్గది. సర్వం పూర్వకృతమే అయితే ఈనాడు హత్య చేసేవాడు కూడా పూర్వకర్మ వల్లనే హంతకుడయ్యాడని ఒప్పుకోవాలి. అప్పుడు చేయదగినది, చేయరానిది అనే భేదం నిలవదు, ప్రయత్నానికి చోటుండదు. మజ్ఝిమ నికాయంలోని దేవదహ సుత్తంలో నిర్గ్రంథులతో సాగిన వాదం ఇంకొంచెం చురుకైనది. మీరు పూర్వం ఉన్నారని మీకు తెలుసా, ఫలానా పాపం చేశారని తెలుసా, అందులో ఎంత తీరింది, ఎంత మిగిలింది అన్నది తెలుసా అని వరుసగా అడిగితే వారు తెలియదనే ఒప్పుకుంటారు. తెలియని అప్పుకు వాయిదాలు కట్టడం వంటిదే వారి తపస్సు.

సంయుత్త నికాయంలోని సీవక సుత్తం ఈ చర్చకు అత్యంత కీలకమైనది. మోలియసీవకుడనే పరివ్రాజకుడు, అనుభవంలోకి వచ్చే వేదనలన్నీ పూర్వకృతాలేనని చెప్పేవారి గురించి బుద్ధుణ్ణి ప్రశ్నిస్తాడు. సమాధానంగా వేదనలకు ఎనిమిది కారణాలు వస్తాయి: పిత్తం, శ్లేష్మం, వాతం, ఈ మూడింటి సన్నిపాతం, ఋతుపరిణామం, విషమపరిహారం, ఇతరుల వల్ల కలిగే దెబ్బ, చివరిగా కర్మవిపాకం. అంటే ఎనిమిదింటిలో కర్మవిపాకం ఒకటి. తక్కిన ఏడింటినీ మనిషి స్వానుభవంతో తెలుసుకోవచ్చుననీ, లోకం కూడా వాటిని సత్యమని ఒప్పుకుంటుందనీ, అందువల్ల సర్వం పూర్వకృతమనేవారు ప్రత్యక్షాన్నీ లోకసమ్మతినీ దాటిపోతున్నారనీ బుద్ధుడి అభిప్రాయం. వైద్యుడి పట్టికను తత్త్వచర్చలోకి తెచ్చి, నువ్వు చెప్పే కారణం కంటే ముందు పరీక్షించవలసిన కారణాలు ఇవిగో అని చూపినట్లు ఉంటుంది ఈ సుత్తం.

ఆ పట్టిక ప్రాముఖ్యం తెలుగు నేల మీది ఒక ఉదాహరణతో స్పష్టమవుతుంది. వెన్ను వంగి, కాళ్లు దొడ్డివై, పళ్లు గారపట్టి పల్లెలకు పల్లెలే బాధపడిన ప్రాంతాలు మనకున్నాయి. 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా పల్లెలను పరిశీలించిన వైద్య పరిశోధకులు, ఈ వైకల్యానికి తాగునీటిలోని ఫ్లోరైడు కారణమని వెల్లడించారు. తరువాతి కాలంలో నల్లగొండ పేరు ఈ వ్యాధితో విడదీయలేనంతగా ముడిపడింది. పటికతో, సున్నంతో నీటిలోని ఫ్లోరైడును తగ్గించే విధానం ‘నల్లగొండ పద్ధతి’గానే ప్రసిద్ధమైంది. వంగిన వెన్నును చూసి ‘పూర్వజన్మ పాపం’ అన్నవాడికి బావినీటిని పరీక్షించవలసిన అవసరం తోచదు. సీవక సుత్తంలోని విషమపరిహారమనే మాటను తీసుకున్నవాడికి మాత్రం మొదటి ప్రశ్న ఏం తిన్నాడు, ఏం తాగాడు అన్నదే అవుతుంది. ఇక్కడ కర్మవాదం అబద్ధమా నిజమా అన్నది నా ప్రశ్న కాదు. అది ముందుగా నోటికి వస్తే తక్కిన ఏడు ప్రశ్నలు పుట్టకుండానే పోతాయన్నదే నా వాదం.

ఇంతవరకు చూపిన ఆధారాలన్నీ ఒక పక్షానివే. మజ్ఝిమ నికాయంలోనే చూళకమ్మవిభంగ సుత్తం ఉంది. మనుషుల్లో కొందరు అల్పాయుష్కులు, కొందరు దీర్ఘాయుష్కులు, కొందరు రోగులు, కొందరు ఆరోగ్యవంతులు, కొందరు నీచకులంలో, కొందరు ఉన్నతకులంలో పుట్టడానికి కారణమేమిటని శుభుడనే యువకుడు అడిగితే, కర్మే అందుకు కారణమని బుద్ధుడు వివరంగా చెబుతాడు. ఆధునిక వ్యాఖ్యాతలు కొందరు ఈ సుత్తాన్ని మరుగున ఉంచి బౌద్ధం పూర్వకర్మను ఒప్పుకోదని ప్రకటిస్తుంటారు. ఇది సరైన పద్ధతి కాదు. అంబేడ్కర్ తన ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ గ్రంథంలో (1957) మరింత నిజాయితీగా వ్యవహరించారు. గతజన్మ కర్మతో ఈ జన్మలోని దైన్యాన్ని వివరించే సిద్ధాంతం, పేదల స్థితికి రాజ్యాన్నీ సమాజాన్నీ బాధ్యత నుంచి తప్పించడానికే పనికివస్తుందనీ, అది బుద్ధుడిది కాజాలదనీ ఆయన బాహాటంగా వాదించి తోసిపుచ్చారు. ఆయన నైతిక ప్రేరణతో నాకు పూర్తి ఏకీభావం ఉంది. అయినా గ్రంథపాఠాన్ని కాదనకుండానే ‘వాని కర్మ’ అనే తీర్పును నిరాకరించే వీలుందని నా ప్రతిపాదన.

చూళకమ్మవిభంగ సుత్తం చెప్పేది కారణం నుంచి కార్యానికి సాగే నియమం. హింస చేసేవాడు ఆ ఫలం పొందుతాడు. దీని నుంచి, బాధపడుతున్న ఈ మనిషి పూర్వం హింస చేశాడన్న నిర్ణయం రాదు. పొంగిన ఏరును చూసి ఎగువన వాన కురిసిందని ఊహించడం న్యాయశాస్త్రంలో శేషవదనుమానానికి పరిచితమైన ఉదాహరణ. అడ్డుకట్ట వల్ల కూడా ఏరు పొంగవచ్చు కదా అని దానిమీద ఆక్షేపణ న్యాయసూత్రాల్లోనే ఉంది. వాన వరదకు వేగం, నురుగు, కొట్టుకువచ్చే ఆకులు, కట్టెలు ప్రత్యేక లక్షణాలనీ వాటిని బట్టి నిశ్చయించవచ్చుననీ నైయాయికుల సమాధానం. ఇదే పరీక్షను మన విషయానికి వర్తింపజేస్తే చిక్కు తెలుస్తుంది. కర్మవిపాకంగా వచ్చిన నొప్పికీ, పిత్తం వల్ల వచ్చిన నొప్పికీ తేడా చూపే నురుగు ఏది, ఆకులు ఏవి? సామాన్యుడికి అందే గుర్తు ఏదీ లేదు. అందుకే కాబోలు, కర్మవిపాకాన్ని అంగుత్తర నికాయం అచింత్యాలైన నాలుగింటిలో ఒకటిగా చేర్చి, దాన్ని లెక్కగట్టబోయేవాడికి మిగిలేది ఉన్మాదమే అని హెచ్చరించింది.

బౌద్ధ సంప్రదాయమే ఈ విషయంలో ఏకకంఠంతో మాట్లాడలేదు. దేవదత్తుడు దొర్లించిన బండ నుంచి ఎగిరిన రాతిముక్క బుద్ధుడి కాలికి గాయం చేసిన ఘట్టం సుప్రసిద్ధం. అపదానం ఈ గాయాన్ని బుద్ధుడి పూర్వజన్మలోని ఒక దుష్కర్మకు ఫలంగా చెప్పింది. మిలిందపఞ్హలో నాగసేనుడు మాత్రం సీవక సుత్తంలోని ఎనిమిది కారణాలనే ప్రస్తావించి, ఆ గాయం కర్మఫలం కాదని వాదిస్తాడు. ఒకే గాయానికి ఒకే సంప్రదాయంలో రెండు వివరణలు ఉండటం, ఈ రకం నిర్ణయం ఎంత కష్టమో పరోక్షంగా చెబుతున్నది. బుద్ధుడి కాలిగాయం విషయంలోనే తేలనిది పొరుగింటివాడి పక్షవాతం విషయంలో మనకు ఇట్టే తేలిపోవడం విడ్డూరం.

గ్రంథాల్లోని వాదాల కంటే వాటిలోని నడవడి ఈ ప్రశ్నకు బలమైన సమాధానమిస్తుంది. వినయపిటకంలోని మహావగ్గంలో ఒక ఘట్టముంది. ఒక భిక్షువు కుక్షివ్యాధితో తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. ఆనందుడితో కలసి విహారంలో తిరుగుతున్న బుద్ధుడు అతణ్ణి చూసి మూడు ప్రశ్నలు వేశాడు. నీకు ఏం జబ్బు? నీకు పరిచారకుడు ఉన్నాడా? భిక్షువులు నిన్నెందుకు చూడటం లేదు? తాను వారికి ఏ విధంగానూ ఉపయోగపడనివాణ్ణని, అందుకే చూడటం లేదని అతడి జవాబు. ఆనందుడు నీళ్లు తెచ్చాడు. బుద్ధుడు నీళ్లు పోస్తుండగా ఆనందుడు కడిగాడు. తలవైపు ఒకరు, కాళ్లవైపు ఒకరు పట్టి అతణ్ణి మంచం మీదికి చేర్చారు. ఆ తరువాత భిక్షువులను పిలిచి, చూసుకోవడానికి తల్లిదండ్రులు దగ్గరలేని మీరు ఒకరినొకరు చూసుకోకపోతే ఎవరు చూస్తారని మందలించి, తనకు సేవ చేయదలచినవాడు రోగికి సేవ చేయాలని బుద్ధుడు శాసించాడు. రోగిని చూసుకునేవాడికి ఉండవలసిన లక్షణాలు కూడా అక్కడే ఉన్నాయి. మందుల పరిజ్ఞానం, పథ్యాపథ్య వివేకం, లాభాపేక్ష లేకపోవడం వాటిలో కొన్ని. మలమూత్రాలు ఎత్తడానికి రోయకపోవడం మరొకటి. ఈ ఘట్టంలో ఎక్కడా పూర్వజన్మ ప్రసక్తి రాదు. వేసిన మూడు ప్రశ్నలూ వర్తమానానికి చెందినవి. మూడవది రోగి గురించి కాదు, చుట్టూ ఉన్నవారి గురించి.

ఇటువంటి కథే ధమ్మపద అట్ఠకథలో పూతిగత్త తిస్స స్థవిరుడి పేరుతో ఉంది. ఆవగింజంత పొక్కులు క్రమంగా మారేడుకాయలంతై చితికి, దేహమంతా కుళ్లి, ఎముకలు విరిగిన తిస్సుణ్ణి తోటివారు వదిలివేశారు. బుద్ధుడు స్వయంగా నీళ్లు కాచి, బట్టలు ఉతికించి, స్నానం చేయించాడు. అట్ఠకథాకారుడు ఇక్కడ ఆగలేదు. ఎముకలు ఎందుకు విరిగాయి, దేహం ఎందుకు కుళ్లింది అని భిక్షువులు అడిగినట్లు, తిస్సుడు పూర్వజన్మలో పక్షులను పట్టి, ఎగిరిపోకుండా వాటి ఎముకలు విరిచిన వేటగాడని బుద్ధుడు చెప్పినట్లు కథను పొడిగించాడు. వినయంలో లేని పూర్వకథ అట్ఠకథలో ఎందుకు వచ్చింది? కారణం చెప్పకుండా కథ ముగించడం వ్యాఖ్యాతకు వెలితిగా తోచి ఉండవచ్చు. పల్లెలో రోగి మంచం చుట్టూ చేరినవారికి కూడా సరిగ్గా అదే వెలితి. అయితే అట్ఠకథ సైతం ఒక క్రమాన్ని తప్పలేదు. భిక్షువుల ప్రశ్న స్నానం తరువాత వచ్చింది. ఇంకా చెప్పాలంటే, తిస్సుడు చనిపోయిన తరువాత వచ్చింది. బతికి ఉండగా అతడికి దొరికినవి వేడినీళ్లు, ఉతికిన బట్టలు, ధర్మోపదేశం. పూర్వకర్మ వివరణ దొరికింది ఇతరులకు. నీళ్లు కాచకముందే వివరణ మొదలుపెట్టే మన అలవాటుకు ఈ కథ కూడా సాక్ష్యమివ్వదు.

కర్మవివరణ కాలక్రమాన్ని తప్పినప్పుడు అది ఎవరి చేతిలో ఏమవుతుందో తెలుగు సాహిత్యంలో అందరికంటే సూటిగా అడిగినవాడు జాషువా. ‘గబ్బిలం’ (1941) కథానాయకుడు చెప్పులు కుట్టి బతికే తంజావూరి దళితుడు. కాశీ విశ్వేశ్వరుడికి గబ్బిలం ద్వారా పంపిన సందేశంలో, కర్మ సిద్ధాంతంతో తన నోరు కట్టివేసి తన కూడు ఇతరులు అనుభవిస్తున్నారని అతడు మొరపెట్టుకుంటాడు. ఆ కర్మ అంటే ఏమిటో, దానికి తనపై పగ ఎందుకో ఈశ్వరుడిచేతనే ఋజువు చేయించమని కోరతాడు. విమర్శకులు దీన్ని సాధారణంగా ఆక్రోశంగా వ్యాఖ్యానిస్తారు. ఇది తార్కికంగా కూడా పదునైన ప్రశ్న. దేవదహ సుత్తంలో నిర్గ్రంథులను అడిగిన ప్రశ్నకూ దీనికీ చాలా దగ్గరితనం ఉంది: నీకు తెలుసా, చూపగలవా? జాషువా ఆ సుత్తాన్ని అనుసరించాడని నేననడం లేదు. ఋజువు భారాన్ని బాధపడేవాడి మీద నుంచి తీర్పు చెప్పేవాడి మీదికి మార్చడంలో ఇద్దరిదీ ఒకే పద్ధతి.

చెప్పులు కుట్టేవాడి ప్రస్తావనతో అమరావతిలోని ఒక ప్రాకృత శాసనం గుర్తుకు వస్తుంది. ఉపాధ్యాయుడైన నాగుడి కుమారుడు, చర్మకారుడు అయిన విధికుడు తల్లి, భార్య, సోదరులు, బిడ్డలతో కలసి మహాచైత్యానికి ఒక పూర్ణఘట శిలాపట్టాన్ని దానం చేసినట్లు అది చెబుతుంది. ఆనాటి సమాజంలో చర్మకారుడి హోదా ఏమిటో ఈ ఒక్క శాసనంతో నిర్ణయించడం తొందరపాటు అవుతుంది. శాసనం అతడి వృత్తిని దాచలేదన్నంతవరకు నిశ్చయంగా చెప్పవచ్చు. అతడి పుట్టుకకు కారణాన్ని అది వెదకలేదు. అతడు చేసిన పనిని నమోదు చేసింది. కర్మ అనే మాటకు ఇక్కడ ఉన్నది చేతన అనే అర్థమే. ఆ పనిలో తల్లినీ బిడ్డలనూ భాగస్వాములను చేయడం, ఎవరి కర్మ వారిదే అన్న మన గట్టి నమ్మకానికి భిన్నంగా, పుణ్యం పంచుకునే వస్తువని కూడా చెబుతున్నది. కృష్ణానదీ తీరంలోని విధికుడు కర్త. అదే గుంటూరు సీమలో పుట్టిన కవి సృష్టించిన చర్మకారుడు కర్మ పేరుతో నోరు కట్టివేయబడ్డవాడు. ఈ రెండింటి మధ్య ఒక శబ్దార్థ చరిత్ర మాత్రమే కాదు, ఒక సమాజ చరిత్ర ఉంది. అది వేరే పరిశోధనకు విషయం.

కర్మ అంటే చేతన అయినప్పుడు దాన్ని పట్టుకోగల చోటు వర్తమానమే. ఇక్కడే స్మృతి ప్రసక్తి వస్తుంది. పాళిలోని సతి, సంస్కృతంలోని స్మృతి ఒకే ధాతువు నుంచి వచ్చినవే అయినా, స్మృతి అనగానే మనకు జ్ఞాపకమో ధర్మశాస్త్రమో స్ఫురిస్తుంది. బౌద్ధార్థానికి తెలుగులో ఎరుక అనే మాటే దగ్గరిది. దీనికి వ్యతిరేకం పరాకు. అదే పరాకు రాజసభలో ‘బహుపరాక్’ అయి, జాగ్రత్త అన్న హెచ్చరికగా మారడం మన భాషలోని చమత్కారం. సతిపట్ఠాన సుత్తం నడవడం, చేయి చాచడం, తినడం, మాట్లాడటం, మౌనంగా ఉండటం వరకు నిత్యక్రియలన్నిటినీ ఎరుక పరిధిలోకి తెచ్చింది. నేటి ప్రచారంలో ఈ ఎరుక మనశ్శాంతికి, పని ఒత్తిడి తగ్గడానికి ఒక సాధనంగా మిగిలింది. రాహులుడికి బోధించిన అంబలట్ఠిక సుత్తంలో దాని స్వరూపం వేరు. అద్దంలో ముఖం చూసుకున్నట్లు, ఏ పనినైనా చేయబోయే ముందు, చేస్తున్నప్పుడు, చేసిన తరువాత అది తనకో ఇతరులకో బాధ కలిగిస్తుందా అని చూసుకోవాలని అక్కడి ఉపదేశం. అశోకుడు తన భాబ్రూ శాసనంలో చదవదగినవని పేర్కొన్న ధర్మపాఠాల్లో, అసత్యం గురించి రాహులుడికి చేసిన ఉపదేశం కూడా ఉంది.

ఈ అద్దంలో చూడవలసిన కర్మల్లో వాక్కు ఒకటి. ఆసుపత్రి వరండాలో పలకరించడానికి వెళ్లినవాడు ‘ఏం చేస్తాం, వాడి కర్మ’ అన్నప్పుడు, రోగి పూర్వకర్మ సంగతి ఎవరికీ తెలియదు. పలకరించినవాడి వాక్కర్మ మాత్రం అక్కడే, అప్పుడే జరిగింది. దాని వెనుక ఉన్న సంకల్పం ఏమిటి? సానుభూతా, భయమా, త్వరగా బయటపడాలన్న తొందరా? చాలాసార్లు భయమే అని నా అభిప్రాయం. కారణమంటూ ఒకటి ఉందనుకుంటే ఆ ఆపద తన దాకా రాదన్న ధైర్యం కలుగుతుంది. ఎరుక అనేది ఆ భయాన్ని పలుకుగా మారకముందే గుర్తించడం. ఇలా చూస్తే బౌద్ధకర్మ దృష్టి తీర్పు చెప్పేవాడి వైపే తిరుగుతుంది.

అనిత్యత విషయంలోనూ ఇదే ప్రమాదం పొంచి ఉంది. శ్మశాన వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం అనే పలుకుబళ్లు పుట్టించిన జాతికి క్షణికమైన అనిత్యతాజ్ఞానం ఎంత చవకైనదో తెలుసు. ‘పోయేవాళ్లు పోతారు, ఏదీ శాశ్వతం కాదు’ అని దుఃఖంలో ఉన్నవారికి చెప్పడం, ‘వాని కర్మ’ అనడం కంటే మర్యాదగా కనిపిస్తుంది కాని పని ఒకటే. రెండూ ఎదుటివాడి ఏడుపును ఆపడానికే. అనిత్యత నిజమే. ఆ నిజాన్ని ఎవరు, ఎవరికి, ఎప్పుడు చెబుతారన్నదాన్ని బట్టి అది జ్ఞానమో నిర్దయో అవుతుంది.

కిసాగోతమి కథను సాధారణంగా మరణం అందరికీ తప్పదన్న బోధకు ఉదాహరణగా చెబుతారు. కథనక్రమాన్ని చూస్తే మరొకటి కనిపిస్తుంది. చనిపోయిన బిడ్డను ఎత్తుకుని మందుకోసం వచ్చిన తల్లికి బుద్ధుడు ముందుగా అనిత్యతను బోధించలేదు. ఆమె కర్మనూ బిడ్డ కర్మనూ ఎత్తలేదు. చావు ఎరుగని ఇంటినుంచి ఆవాలు తెమ్మని పంపాడు. ఆవాలు ప్రతి వంటింట్లోనూ ఉండేవే. ఆమె ఇంటింటికీ వెళ్లింది. ప్రతి గడపలోనూ ఆవాలు ఇవ్వడానికి సిద్ధపడ్డారు. అడిగిన షరతు వినగానే తమ ఇంట్లో పోయినవారి సంగతి చెప్పారు. సాయంకాలానికి ఆమె విన్నది సిద్ధాంతం కాదు, ఒక ఊరి దుఃఖం. ఆ తరువాతే బిడ్డను అడవిలో విడిచి తిరిగివచ్చింది. అప్పుడుగాని బుద్ధుడు ధర్మం మాట ఎత్తలేదు. ఇక ఆ గడపల్లో నిలబడి ఆమెతో మాట్లాడినవారిలో ఒక్కరైనా ఇది నీ కర్మ అన్నట్లు కథ చెప్పలేదు.